కనిపించకపోతే ఎవరికి తెలుస్తుంది?

సంపాదకుల వారికి నమస్కారం.

కర్నూలు వన్ టౌన్‌లో, కొండారెడ్డి బురుజు నుంచి నడిచి వస్తే పది నిమిషాల దూరంలో, 1994 నుంచి మందుల షాపు నడుపుతున్నాను. చదివింది డి.ఫార్మసీ. డాక్టర్ని కాను, పత్రికలకు రాసే అలవాటూ లేదు. పోయిన నెల మా వీధిలో ఆక్రమణలు తొలగించే పని మీద వచ్చినవాళ్ళు నా షాపు ముందున్న టేకు బెంచీని చూపించి, ఈ నెలాఖరు లోపల తీసేయమన్నారు. బెంచీ కాలిబాట మీదికి రెండడుగులు వచ్చిన మాట నిజం. కాలిబాట నడిచేవాళ్ళది. ఆ విషయంలో నాకు వాదన లేదు, తీసేస్తాను. అయితే అది అక్కడికి ఎందుకొచ్చిందో ఎవరికీ చెప్పకుండా తీసేయడానికి మనసొప్పక ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, మన్నించాలి.

మా షాపుకు ఒక చాచా వస్తాడు. వయసు డెబ్బై ఐదు దాటింది. ఒకప్పుడు పాత బస్టాండు దగ్గర వాచీలు బాగుచేసేవాడు. భార్య పోయి ఎనిమిదేళ్ళయింది. కూతుళ్ళు ఇద్దరు. ఒకామె ఆదోనిలో, ఇంకొకామె నంద్యాలలో. ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తారు, పండక్కి వస్తారు, డబ్బులు పంపుతారు. వాళ్ళను ఒక్క మాట అనడానికి లేదు. చాచానే ఈ వీధి వదిలి రానన్నాడు. మేడ మీద గదిలో ఒక్కడే ఉంటాడు.

ఆయనకు బీపీ. రోజుకొక ఆమ్లోడిపిన్ మాత్ర వేసుకోవాలి. నెలకు మూడు స్ట్రిప్పులు కొంటే అయిపోతుంది. ఆయన మాత్రం రెండేసి మాత్రలే కొనేవాడు. రోజు మార్చి రోజు వచ్చి, కౌంటర్ మీద చెయ్యి ఆనించి, "బేటా, దో గోలీ" అనేవాడు. మందుల షాపు వాళ్ళకు స్ట్రిప్ కత్తిరించడమంటే చిరాకు. బ్యాచ్ నెంబరు, ఎక్స్‌పైరీ తేదీ ఒక కొసనే ఉంటాయి. ఆ కొస పోకుండా కాపాడుకుంటూ రెండో వైపు నుంచి కత్తిరించుకుంటూ రావాలి. "చాచా, స్ట్రిప్ తీసుకోండి, డబ్బులు ఎప్పుడైనా ఇవ్వండి" అని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఒకరోజు కాస్త గట్టిగానే అన్నాను. ఆయన లాల్చీ జేబులోంచి పర్సు తీసి తెరిచి చూపించాడు. వంద నోట్లు, ఐదు వందల నోట్లు మడత పెట్టి ఉన్నాయి.

"పైసలున్నాయి బేటా. ముప్పై గోలీలు ఒకేసారి కొంటే, మళ్ళీ నెల దాకా నీ దుకాణానికి ఏం పని మీద రావాలి?" అన్నాడు.

ఆ మాట నాకు అప్పుడు సగమే అర్థమైంది. మిగతా సగం రెండేళ్ళ కిందట చలికాలంలో తెలిసొచ్చింది.

సోమవారం వచ్చి రెండు మాత్రలు తీసుకుపోయాడు. బుధవారం రావాలి, రాలేదు. సాయంత్రం షాపు రద్దీగా ఉండి నేను పట్టించుకోలేదు. రాత్రి షట్టర్ దించుతుంటే గుర్తొచ్చింది. కూతురి దగ్గరికి పోయుంటాడులే అని సర్దుకున్నాను. కానీ ఊరికి పోయేటప్పుడు చెప్పి, స్ట్రిప్ మొత్తం తీసుకుపోవడం ఆయన అలవాటు. గురువారం పొద్దున షాపు తెరిచానే గానీ మనసు ఒక చోట నిలవలేదు. కుర్రాణ్ణి కౌంటర్లో కూర్చోబెట్టి వెళ్ళాను. తలుపుకు లోపల గడియ. పిలిస్తే సన్నగా మూలుగు వినిపించింది. పక్కింటి పిల్లలతో కలిసి గడియ విరగ్గొట్టాం.

స్నానాల గది గడప దగ్గర ఒక పక్కకు పడి ఉన్నాడు. మంగళవారం రాత్రి జారాడట. తుంటి ఎముక విరిగి లేవలేకపోయాడు. రెండు రాత్రులు, మధ్యలో ఒక పగలు అట్లాగే ఉన్నాడు. చేతికందే దూరంలో బకెట్ ఉంటే, దాన్ని వంచుకుని అందులో నీళ్ళు తాగాడు. ఫోను మంచం మీద, తలగడ పక్కన ఉంది. కింద అద్దెకున్నవాళ్ళు పొద్దున పోతే రాత్రికి తిరిగొచ్చే ఉద్యోగస్తులు. పైన ఆయన ఉన్నాడో లేడో వాళ్ళు ఎప్పుడూ గమనించుకునే పని పడలేదు.

పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేశారు. ఇంకో రోజు అట్లా పడి ఉంటే కిడ్నీలు దెబ్బతినేవని డాక్టరు చెప్పారు. ఆ రాత్రి ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను. నేను పోకపోయి ఉంటే, ఆదివారం ఫోన్ ఎత్తనప్పుడు కూతుళ్ళకు అనుమానం వచ్చేది. అంటే ఇంకో మూడు రోజులు. నేను చెప్పినట్టు ఆయన నెలకు సరిపడా మాత్రలు తీసుకుని ఉంటే, ఆయన రాలేదన్న ధ్యాసే నాకు నెల దాకా ఉండేది కాదు. నేను విసుక్కున్న ఆ రెండు మాత్రల వల్లనే ఆయన ఇవాళ ఉన్నాడు.

ఇక బెంచీ సంగతి. అది మా నాయన కిరాణా అంగడి నాటిది. షాపు తెరిచిన రోజు నుంచి ముందే ఉండేది. 2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు నేనే తీసి మేడ మీద పెట్టాను. తాడు కట్టాను, నేల మీద సున్నంతో గుండ్రాలు గీశాను. అప్పుడు అది అవసరం. కరోనా పోయాక కూడా బెంచీ దించలేదు. ఆ జాగాలో పిల్లల డైపర్ల స్టాండు పెట్టుకున్నాను. బెంచీ ఏదని ఎవరూ అడగలేదు. ముసలివాళ్ళు వచ్చేవాళ్ళు, మందులు తీసుకుని, ఎందుకో ఒక క్షణం నిలబడి, పోయేవాళ్ళు. చాచా వాకర్ పట్టుకుని మళ్ళీ నడవడం మొదలుపెట్టాక నేను స్టాండు లోపలికి జరిపి బెంచీ దించాను. అప్పటి నుంచి సాయంత్రం ఐదు నుంచి ఏడున్నర దాకా ఐదుగురు కూర్చుంటారు. మీ పత్రిక ఒకరు పైకి చదువుతారు, నలుగురు వింటారు. తుంగభద్ర డ్యాం గేట్ల గురించి, వేరుశనగ ధర గురించి గొడవ పడతారు. ఎదురు హోటల్ నుంచి మూడు చాయ్‌లు తెప్పించి ఐదుగురు తాగుతారు.

వాళ్ళలో ఒకాయన లారీ డ్రైవరుగా చేసి మానేశాడు. షుగర్ ఉంది. పోయినేడాది ఒక సాయంత్రం పక్కన కూర్చున్నాయన ఈయన చెప్పు విడిచిన కాలు చూసి, "ఏమప్పా, ఆ వేలేంది నల్లగైంది?" అన్నాడు. నేను బయటికొచ్చి చూశాను. చిటికెన వేలి కింద పుండు, అంచులు నల్లబడి ఉన్నాయి. ఆయనకు నొప్పే లేదు. షుగర్ చాలా ఏళ్ళు ఉన్నవాళ్ళకు పాదాల్లో నరాలు మొద్దుబారి నొప్పి తెలియదు. అందుకే పాదాలు రోజూ చూసుకోమంటారు. కానీ వంగలేని మనిషి తన అరికాలు తాను ఎట్లా చూసుకుంటాడు? ఇంట్లో చూసేవాళ్ళు లేరు. మర్నాడే ఆసుపత్రికి పంపాం, వేలు దక్కింది. గ్లూకోమీటర్లు అమ్మేవాణ్ణి నేను. ఆ పుండును ఏ మీటరూ చూపించలేదు, పక్కన కూర్చున్న మనిషి చూశాడు.

మా అల్లుడితో ఈ విషయాలు మాట్లాడుతుంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ఒంటరితనం మీద ఏకంగా ఒక కమిషనే వేసిందని చెప్పాడు. 2023 నవంబర్‌లో వేశారు. దాని ఇద్దరు అధ్యక్షుల్లో ఒకరు డాక్టర్ వివేక్ మూర్తి. అమెరికాలో సర్జన్ జనరల్‌గా, అంటే ప్రజారోగ్యం మీద ప్రభుత్వం తరఫున మాట్లాడే పెద్ద డాక్టరుగా పనిచేశారు, ఆయన కుటుంబానిది మన పక్క కర్ణాటకలోని మండ్య జిల్లా. 2025 జూన్ 30న ఆ కమిషన్ నివేదిక వచ్చింది. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని, ఒంటరితనం వల్ల ఏడాదికి 8,71,000 మంది చనిపోతున్నారని అంచనా వేశారు. గంటకు వంద మంది. అంతకు ముందు నెలే, అంటే 2025 మేలో, ప్రపంచ ఆరోగ్య సభ మనుషుల మధ్య సంబంధాలను ఆరోగ్య విషయంగా గుర్తిస్తూ మొదటిసారి తీర్మానం చేసింది. గుండె జబ్బు, పక్షవాతం, షుగర్, మతిమరుపు, డిప్రెషన్, అన్నిటి ముప్పునూ ఒంటరితనం పెంచుతుందని ఆ నివేదిక చెబుతోంది.

ఎట్లా పెంచుతుందంటే, నాకు అర్థమైనంత వరకు చెప్తాను. మనిషి ఎప్పుడూ ఒక్కడే ఉంటే ఒళ్ళు ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టు ఉంటుంది. టెన్షన్ పడినప్పుడు ఒంట్లో ఊరే కార్టిసాల్ లాంటివి తగ్గాల్సినప్పుడు తగ్గవు. బీపీ పెరుగుతుంది, నిద్ర చెడుతుంది. ఇది ఒక దారి. రెండో దారి నా కౌంటర్ ముందు రోజూ కనిపిస్తుంది. ఒక్కరి కోసం ఏం వండుకుంటాంలే అని పొద్దుటి అన్నమే మజ్జిగ పోసుకుని రాత్రీ తింటారు. నడక మానేస్తారు. మాత్ర వేసుకున్నారో లేదో అడిగేవాళ్ళు ఉండరు.

మా వీధి చివర ఒక అవ్వ ఉంది. ఇరవై రోజులకే "నెల మాత్రలు అయిపోయినాయి నాయనా" అని వచ్చింది. మొదటిసారి పడిపోయి ఉంటాయి అనుకున్నా. రెండో నెలా అట్లాగే. కూర్చోబెట్టి అడిగితే, పొద్దున వేసుకున్నది గుర్తుండక మధ్యాహ్నం మళ్ళీ వేసుకుంటోంది. బీపీ మాత్ర రెండు వేసుకున్న రోజు కళ్ళు తిరిగి కూర్చుండిపోతోంది, నీరసం అనుకుంటోంది. నేను స్ట్రిప్ మీద ఒక్కో మాత్ర వెనకాల బాల్‌పెన్నుతో తేదీ రాసి ఇచ్చాను. కొన్నాళ్ళకు తెలిసింది, అవ్వకు అంకెలు రావు. ఇప్పుడు ఎదురింటి ఐదో తరగతి పాప స్కూలుకు పోతూ పోతూ "అవ్వా, మాత్ర?" అని కేకేసి పోతుంది. అవ్వ నోరు తెరిచి చూపించాలి, అది వాళ్ళిద్దరి ఒప్పందం. రెండు నెలలుగా మాత్రలు లెక్క తప్పలేదు.

మాటామంతీ ఉంటే మందులు మానేయొచ్చు అని నేను ఎన్నడూ అనను. దయచేసి ఎవరూ అట్లా అర్థం చేసుకోవద్దు. మందు వేళకు నోట్లో పడాలన్నా ఒక మనిషి కావాలని చెప్తున్నాను.

ఈ మాట ఎత్తితే చాలామంది, అది అమెరికా వాళ్ళ జబ్బు, మనవి ఉమ్మడి కుటుంబాలు, మనకు ఒంటరితనం ఎక్కడిది అంటారు. నేనూ అట్లాగే అనుకునేవాణ్ణి. ఆ నివేదికలో అంకెలు తిరగబడి ఉన్నాయి. ధనిక దేశాల్లో వందకు 11 మంది ఒంటరితనంతో ఉన్నామంటే, పేద దేశాల్లో 24 మంది అన్నారు. వయసు చూస్తే ముసలివాళ్ళ కంటే ముందు పిల్లలే ఉన్నారు, అందులోనూ పదమూడు పద్దెనిమిదేళ్ళ మధ్యవాళ్ళు. నా షాపులో పనిచేసే కుర్రాడిది కోడుమూరు వైపు పల్లె. ఇక్కడ రూము తీసుకుని ఉంటాడు. మధ్యాహ్నం అన్నం బాక్సు ముందు ఫోను నిలబెట్టుకుని తింటాడు. "అన్నా, రాత్రి నిద్ర పట్టట్లేదు, ఏమన్నా మాత్ర ఉందా?" అని ఇరవై రెండేళ్ళవాడు నన్ను అడిగాడు. ఇప్పుడు ఇద్దరం లోపల కింద కూర్చుని కలిసి తింటున్నాం. ఫోను సంచిలో పెడతాడు.

ఇంటి నిండా మనుషులుండి ఒంటరిగా ఉన్నవాళ్ళు వేరే. మా వ్యాపారంలో హెచ్1 రిజిస్టర్ అని ఒకటి రాయాలి. 2014 మార్చి నుంచి అమల్లో ఉంది. ఆందోళన తగ్గించి నిద్ర పట్టించే ఆల్‌ప్రాజోలామ్ లాంటి మాత్రలు ఇస్తే డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చామో అన్నీ రాసి మూడేళ్ళు దాచాలి. ఆ రిజిస్టర్ పట్టుకుని నేను ఒక్కో పేరు దగ్గర ఆగుతుంటాను. పిల్లలు దూరంగా ఉన్నవాళ్ళు ఉన్నారు, భర్త పోయినవాళ్ళు ఉన్నారు. కొడుకు, కోడలు, మనవలు అందరూ ఉన్న ఇంటి నుంచి చీటీ పట్టుకుని వచ్చే ఒక పెద్దావిడ పేరు కూడా ఉంది. ఏడుగురి ఇల్లు అది. "అందరూ ఉంటారు నాయనా, ఎవరి గదిలో వాళ్ళు. నాకు అన్నం పెట్టి పోతారు. పొద్దు మూకితే ఎప్పుడు తెల్లారుతుందా అని ఉంటుంది" అంది. ఆమె వాళ్ళ మీద నేరం చెప్పలేదు. వాళ్ళ పనులు వాళ్ళకున్నాయి అనే చెప్పింది. బెంచీ మీద కూర్చోమంటే నవ్వి, ఆడమనిషిని వీధిలో కూర్చుంటే బాగుంటుందా అంది. నిజమే. నా బెంచీ మగవాళ్ళది. ఆడవాళ్ళు కలిసే చోట్లు వేరుగా ఉండేవి. వీధి కొళాయి దగ్గర, భజన గుడిలో. ఇంటింటికీ కొళాయి వచ్చింది, మంచిదే, మళ్ళీ బిందెలు మోయమని ఎవరంటారు? ఇందాక చెప్పిన అవ్వ, లోను తీసుకునే వయసు కాదని డ్వాక్రా సంఘానికి పోవడం మానేశానంది. అక్కడ లోను ఒక్కటే దొరుకుతుందనుకుంది పాపం.

2009 అక్టోబర్ 2 గురించి కర్నూలు వాళ్ళకు నేను చెప్పాల్సిన పని లేదు. తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊరి మీదికొచ్చాయి. నా షాపు మునిగింది, స్టాకు మొత్తం పోయింది. మేము మేడ మీద ఉన్నాం, పక్క మేడల వాళ్ళూ అంతే. ఆ చీకట్లో ఒక మేడ మీది నుంచి ఇంకో మేడకు అరుచుకున్న మాటలు ఇంకా నా చెవిలో ఉన్నాయి. ఫలానా ముసలామె కింద గదిలో ఉంది, లేవలేదు. ఫలానా ఇంట్లో బాలింత ఉంది. మసీదు వెనకాల ఆయనకు కళ్ళు కనిపించవు. ఎవరి దగ్గరా లిస్టు లేదు. ఎవరు ఏ గదిలో పడుకుంటారో వీధికి తెలుసు, అంతే. పిల్లలు తాళ్ళు కట్టుకుని దిగి వాళ్ళను పైకి తెచ్చారు. ఇవాళ అదే నీళ్ళు వస్తే, మా వీధిలో సగం ఇళ్ళలో ఎవరున్నారో నాకే తెలియదు. అద్దెకొచ్చినవాళ్ళు మారిపోతుంటారు, తలుపులు వేసి ఉంటాయి, నేనూ అడగను.

వరద ఎప్పుడో వస్తుంది. ఎండ ప్రతి ఏడాదీ వస్తుంది. మన ఊళ్ళో మే నెలలో 43, 44 డిగ్రీలు మామూలు. 1995 జూలైలో అమెరికాలోని షికాగోలో వడగాడ్పులకు కొద్ది రోజుల్లోనే 700 మందికి పైగా చనిపోయారు. తర్వాత పరిశోధకులు ఆరా తీస్తే, ఒక్కరే ఉండేవాళ్ళకు, గడప దాటనివాళ్ళకు ముప్పు ఎక్కువగా ఉన్నట్టు, దగ్గరి స్నేహితులు ఉన్నవాళ్ళకు తక్కువగా ఉన్నట్టు తేలింది. వేసవి రాగానే మనకు పగలు బయటికి రావద్దని చెబుతారు. సరైన మాటే. అయితే ఒక్కరే ఉన్న మనిషి ఆ మాట విని లోపలే ఉండిపోతే, ఆ తలుపు వారం రోజులు ఎవరూ తట్టరు. బయటికి రావద్దని చెప్పినప్పుడే, మీ పక్కింటి ముసలివాళ్ళ తలుపు రోజుకొకసారి తట్టండి అని కూడా చెప్పాలి. మైకులో చెప్పే ప్రకటనకు ఇంకో వాక్యం కలిపితే ఖర్చేమీ కాదు.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ముప్పై ఏళ్ళు దాటినవాళ్ళకు ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు బీపీ, షుగర్ చూసి రాసుకుంటున్నారు. ఒకటో తేదీ సచివాలయం సిబ్బంది ఇంటికే వచ్చి 4,000 రూపాయల వృద్ధాప్య పింఛను చేతిలో పెట్టిపోతున్నారు. ఇంత పనిచేసే ఏర్పాటు చాలా రాష్ట్రాల్లో లేదు, అందుకు నేను సంతోషిస్తాను. ఆ గడపలోనే ఒక ప్రశ్న అడగమంటున్నాను. "రేపు మీరు కనిపించకపోతే ఎవరికి తెలుస్తుంది?" అని. ఎవరో ఒకరి పేరు చెబితే ఆ పేరు, ఫోను నెంబరు రాసుకోవాలి. ఎవరూ లేరంటే, ఆ గడి ఖాళీగా ఉన్నవాళ్ళను బీపీ 180 ఉన్నవాళ్ళను చూసినట్టే చూడాలి. వారానికి రెండుసార్లు ఒకరు పోయి పలకరించాలి. వేలిముద్ర వేయించుకుని పక్క గుమ్మానికి పరుగెత్తే పిల్లలను నేను చూస్తున్నాను, వాళ్ళ మీద పని భారం ఇప్పటికే ఎక్కువ. అందుకే ఈ పలకరింపును ఇంకో ఉచిత చాకిరీగా వాళ్ళ నెత్తిన వేయొద్దు. దీన్ని ఒక పనిగా గుర్తించి, దానికి గంటలు కేటాయించి, డబ్బు ఇవ్వాలి. బ్రిటన్ 2018లో, జపాన్ 2021లో ఒంటరితనం మీద మంత్రులను పెట్టుకున్నాయి. మనకు మంత్రి అక్కర్లేదు. వార్డుకు ఒక మనిషి చాలు.

మందుల షాపుల వాళ్ళు కూడా చేయగలిగింది ఉంది. నెదర్లాండ్స్‌లో ఒక సూపర్ మార్కెట్ సంస్థ 2019లో, తొందర లేనివాళ్ళ కోసం, కాసేపు మాట్లాడాలనుకునేవాళ్ళ కోసం ప్రత్యేకంగా ఒక కౌంటర్ తెరిచిందని చదివాను. ఆ తర్వాత వాళ్ళ చాలా దుకాణాల్లో పెట్టారట. మనం కౌంటర్ కట్టనవసరం లేదు. రోజూ వచ్చే మనిషి రెండు రోజులు రాకపోతే ఒక ఫోన్ చేయాలి. నా బిల్లు పుస్తకం వెనక పేజీలో పద్నాలుగు పేర్లు రాసుకున్నాను. మా సంఘం సమావేశంలో కూడా ఈ మాట ఎత్తుతాను. ఎవరికైనా ఎవరూ లేకపోతే, పెద్దవాళ్ళ కోసం 14567 అని ఉచిత నెంబరుంది, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా పలుకుతుంది. మనసు బాగాలేనప్పుడు ఏ వయసువాళ్ళయినా 14416కు చేయొచ్చు. ఈ రెండూ షాపు అద్దం మీద పెద్ద అక్షరాలతో అంటించాను. మీ పత్రికలో వారానికొకసారి ఒక మూల వేస్తే ఇంకా చాలామంది చూస్తారు.

కూర్చునే చోటు కూడా అంతే ముఖ్యం. గ్రంథాలయోద్యమానికి జీవితం ఇచ్చిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు 1883లో పుట్టింది ఈ కర్నూల్లోనే. వార్డుకొక చదివే గది, సాయంత్రం తెరిచి ఉండేది, ముందు ఒక వేపచెట్టు, కింద ఒక కట్ట, లోపల ఆడవాళ్ళు కూర్చోవడానికి వేరుగా జాగా, తాగడానికి నీళ్ళు, ఒక మరుగుదొడ్డి కావాలి. మరుగుదొడ్డి అని ప్రత్యేకంగా ఎందుకు రాస్తున్నానంటే, షుగర్ ఉన్న ముసలివాళ్ళు బయట కూర్చోలేకపోవడానికి అదే పెద్ద కారణం. మా బెంచీ మీద ఒకాయన గంటకే లేచి పోతాడు. సిగ్గుపడి చెప్పడు గానీ కారణం అదే. రోడ్లు వెడల్పు చేసేటప్పుడు అరుగులు, కట్టలు పోతాయి. పోయిన అరుగుకు బదులు ఎక్కడ కూర్చోబెడతామో అదే ప్లానులో గీయమని ఇంజనీర్లను అడుగుతున్నాను.

చాచా గురించి ఒక మాట చెప్పాలి. ఆపరేషన్ తర్వాత ఆయనకు నెలకు సరిపడా మాత్రలు సర్కారు దవాఖానాలోనే ఉచితంగా ఇస్తున్నారు. కాబట్టి నా దగ్గర కొనాల్సిన పని లేదు. మొదటి నెల ఆ మూడు స్ట్రిప్పులూ తెచ్చి నా కౌంటర్ మీద పెట్టాడు. "ఇవి నీ దగ్గరే ఉంచు బేటా" అన్నాడు. పాత బిస్కెట్ డబ్బాలో ఆయన పేరు రాసి పెట్టాను. ఇప్పటికీ రోజు మార్చి రోజు వాకర్ పట్టుకుని వస్తాడు. రెండు మాత్రలు కత్తిరించి ఇస్తాను. ఇప్పుడు విసుగు లేదు.

బెంచీని నెలాఖరుకు తీసి లోపల ఫ్రిజ్ పక్కన వేస్తాను. కొలిచి చూశాను. కాళ్ళు కొంచెం కోయిస్తే గోడకు పడుతుంది, ఇద్దరు కూర్చోవచ్చు. చాచాకు ఒక చోటు, ఆ లారీ డ్రైవరుకు ఒక చోటు. మిగతా ముగ్గురు సాయంత్రం ఐదింటికి ఎక్కడికి పోవాలో సంబంధిత అధికారులు చెప్పాలని మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను.

ఇట్లు,
ఒక మందుల షాపు యజమాని,
వన్ టౌన్, కర్నూలు